వారం మెనూ బుధవారానికే ఎందుకు ఆగిపోతుంది

ఆదివారం సాయంత్రం తీరిగ్గా కూర్చుని, తెల్లకాగితం మీద గళ్ళు గీసి, సోమవారం నుంచి ఆదివారం దాకా టిఫిను, మధ్యాహ్నం వంట, రాత్రి వంట రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించే అలవాటు ఈమధ్య చాలా ఇళ్ళల్లో కనిపిస్తోంది. సోమవారం రాసింది రాసినట్టే జరుగుతుంది. మంగళవారం కూర మారినా టిఫిను మారదు. బుధవారం రాత్రి ఎనిమిదిన్నరకు మాత్రం ఆ కాగితం వంక ఎవరూ చూడరు. కుక్కర్లో అన్నం అయింది, కూర ఏమిటో తేలలేదు, పిల్లలు ఆకలంటున్నారు, ఒకరు అప్పటికే ఫోన్‌లో బిర్యానీ వెతుకుతున్నారు. ఫ్రిజ్ అడుగు సొరుగులో గురువారం పప్పు కోసం దాచిన రెండు గోంగూర కట్టలు చెమ్మపట్టిన ప్లాస్టిక్ కవర్లో నల్లబడుతుంటాయి. శుక్రవారానికి అవి చెత్తబుట్టలో ఉంటాయి, శనివారానికి కాగితమూ అక్కడే.

దీన్ని బద్ధకం అనో, పట్టుదల లేకపోవడం అనో తేల్చేయడం తేలిక. పొద్దున్నే ఐదున్నరకు లేచి ఏడున్నరకల్లా మూడు క్యారేజీలు కట్టి పంపే ఇంట్లో పట్టుదలకు లోటేమిటి? చిక్కంతా ఆ కాగితం మీద ఏం రాస్తున్నాం, ఏం రాయకుండా వదిలేస్తున్నాం అన్న దగ్గరే ఉంది.

ముందు లెక్క చూద్దాం. పాశ్చాత్య ఇళ్ళల్లో వారం మెనూ అంటే చాలావరకు ఏడు రాత్రి భోజనాల జాబితా. రాత్రికి ఒక పెద్ద వంటకం, పక్కన ఏదో చిన్నది, అంతే. ఏడు గళ్ళు సరిపోతాయి. మన దగ్గర టిఫినుకు చట్నీ ఉండాలి. మధ్యాహ్నానికి పప్పు, కూర, చారో పులుసో ఉండాలి. రాత్రికి మరో కూర, కొన్ని ఇళ్ళల్లో చపాతీలు కూడా. ఎంత తగ్గించినా రోజుకు ఆరేడు వంటకాలు తేలతాయి. ఏడు చొప్పున వేసుకుంటే వారానికి 49. అన్ని పేర్లు ఒకేసారి కూర్చుని రాయడమంటే పెళ్ళివంటకు జాబితా రాసినట్టే. రాస్తున్నంతసేపు సరదాగానే ఉంటుంది, పాటించేటప్పుడే నడుం విరుగుతుంది.

నిజానికి ఆ 49లో సగానికి పైగా ఎవరూ నిర్ణయించనక్కర్లేదు. పెరుగు ఎలాగూ ఉంటుంది. చారు ఎలాగూ పెడతారు. ఆవకాయ జాడీలో ఉంది, కందిపొడి సీసాలో ఉంది. రోజూ మారేవి రెండే: పొద్దున టిఫిను, ఆ పూట కూర. మెనూ రాయాల్సింది ఈ రెంటికే. మిగతావి గళ్ళల్లో నింపడం వల్ల కాగితం నిండుతుంది తప్ప వంట తేలదు.

దేవుళ్ళు పంచుకోగా మిగిలిన రోజులు

తెలుగు ఇళ్ళల్లో వారం మెనూ కొత్తగా కనిపెట్టాల్సిన వస్తువేమీ కాదు. సగం మెనూ పంచాంగమే రాసిపెట్టింది. సోమవారం శివుడికి, మంగళవారం ఆంజనేయుడికి, గురువారం సాయిబాబాకు, శనివారం వెంకటేశ్వరస్వామికి. ఏ ఇంట్లో ఏ వారం పాటిస్తారో ఆ ఇంటివాళ్ళకు తెలుసు, నీచు వండేది మిగిలిన రోజుల్లోనే. శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్ళుంటే ఆ రాత్రి టిఫినే. కార్తీకమాసం వచ్చిందంటే చాలా ఇళ్ళల్లో నెల మొత్తం ఉల్లి, వెల్లుల్లి దగ్గర నుంచి లెక్క మారిపోతుంది. రంజాన్ నెలలోనూ, క్రైస్తవులు శ్రమదినాలు పాటించే నలభై రోజుల్లోనూ అంతే. ఇవేవీ చూసుకోకుండా గురువారం గడిలో గుడ్డు పులుసు రాసేసి, గురువారం ఉదయం నాలిక కరుచుకున్న ఇళ్ళు తక్కువేమీ ఉండవు.

ఆదివారం సంగతి ఇంకా ఆసక్తికరం. ఏళ్ళ తరబడి ప్రతి ఆదివారం కోడికూర వండుతున్నా ‘మళ్ళీ చికెనేనా’ అని ఎవరూ అనరు. అదే దొండకాయ వేపుడు పది రోజుల్లో రెండోసారి కనిపిస్తే ముఖాలు మాడతాయి. రుచిలో తేడా ఉన్నమాట నిజమే. దాంతోపాటు, ఆదివారానికి ఆ కూర అని ఎప్పుడో స్థిరపడిపోయింది కాబట్టి దాని మీద చర్చే లేదు. వంట రోజుతో ముడిపడితే మనసు దానికి ముందే సిద్ధమవుతుంది. కొత్తగా మెనూ రాసేవాళ్ళు సరిగ్గా ఇక్కడే పొరబడతారు. ప్రతివారం కొత్త మెనూ రాయాలనుకుంటారు, నాలుగు వారాలకు నాలుగు రకాలు రాస్తారు. అలవాటు పడే లోపే అలవాటు మారిపోతుంది.

బడి భోజనం చూస్తే ఈ సంగతి బాగా తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో మధ్యాహ్న భోజనానికి రోజువారీ మెనూ మార్చినప్పుడు సోమవారం అన్నం, గుడ్డు కూర. మంగళవారం పులిహోర, టమాటా పప్పు. గురువారం కిచిడీ, టమాటా చట్నీ. శుక్రవారం ఆకుకూర పప్పు. శనివారం సాంబారు, తీపి పొంగలి అని పెట్టారు. ప్రతివారం అదే తిరిగి వచ్చేది. తర్వాత ప్రభుత్వం మారి పథకానికి డొక్కా సీతమ్మ పేరు వచ్చినా రోజుకో వంట అనే పద్ధతి పోలేదు. ప్రాథమిక బడిలో పిల్లకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు అని దేశమంతటికీ కొలత ఉంది. ఏ రోజు ఏం వండాలో, ఎంత వండాలో, సరుకు ఎవరు తేవాలో, ఎవరు వండాలో అన్నీ ముందే తేలిపోయాయి కాబట్టి ఆ మెనూ నడుస్తుంది. ఇంటి మెనూలో ఈ నాలుగింట్లో మొదటిది ఒక్కటే రాస్తాం. హాస్టల్ మెస్సు మెనూని తిట్టని విద్యార్థి లేడు గానీ, అది ఆగిపోయిన రోజు కూడా లేదు.

రాసి కొనడమా, కొని రాయడమా

మెనూ రాశాక దాన్ని బట్టి సరుకుల చీటీ రాసుకుని బజారుకు వెళ్ళమంటారు. బియ్యం, పప్పులు, నూనెలకు ఇది సరే. కూరగాయల దగ్గర మాత్రం చీటీ పని చేయదు. రైతుబజారులో లేత బెండకాయ కనిపిస్తే చీటీలో ఉన్న ముదురు బీరకాయ ఎవరు కొంటారు? 1999లో మొదలైన రైతుబజార్ల అసలు సుఖమే కళ్ళతో చూసి, చేత్తో ఏరుకుని, నచ్చింది కొనుక్కోవడం. అందుకని ఇక్కడ వరస తిరగేయాలి. ముందు కొనాలి, ఇంటికొచ్చి సంచీ గట్టు మీద గుమ్మరించాక మెనూ రాయాలి.

రాయడానికి కూరగాయ ఆయుష్షే కొలత. తోటకూర, పాలకూర, గోంగూర, మెంతికూర రెండు మూడు రోజులకు మించి తాజాగా ఉండవు. కొత్తిమీర వేర్లు కోసి, తుడిచి, కాగితంలో చుడితే ఇంకొంచెం ఆగుతుంది. బీరకాయ త్వరగా వడలిపోతుంది. బెండకాయ, వంకాయ నాలుగైదు రోజులు ఓర్చుకుంటాయి. దొండకాయ పైకి బాగానే ఉన్నట్టుంటుంది, కోస్తే లోపల ఎర్రగా పండి ఉంటుంది. క్యాబేజీ, కోయని సొరకాయ, గుమ్మడి, బీట్‌రూట్ వారం చివరి దాకా కదలవు. కంద, చేమదుంప, బంగాళాదుంపలకు ఫ్రిజ్ కూడా అక్కర్లేదు. కాబట్టి ఆదివారం కొంటే సోమ, మంగళవారాలు ఆకుకూరలు, మధ్యలో వంకాయ, బెండకాయ, శుక్రవారం నుంచి సొరకాయ పులుసు, క్యాబేజీ పెసరపప్పు, చేమదుంప వేపుడు. గోంగూర గురువారం దాకా ఆగాల్సి రావడమే మొదట చెప్పిన ఇంట్లో జరిగిన పొరపాటు. పప్పు రోజూ చేయొచ్చు, గోంగూర రోజూ ఆగదు.

ఊళ్ళల్లో వారానికి ఒక్క సంతే ఉన్న కాలంలో ఇది ఎవరూ కాగితం మీద రాయలేదు. సంత రోజు, మర్నాడు ఆకుకూరలు, లేత కాయలు. వారం గడిచేకొద్దీ దుంపలు, ఆ తర్వాత పప్పుచారు, వడియాలు, ఒరుగులు, ఎండుచేపలు. తెలంగాణలో అంగడి ముందురోజు పచ్చిపులుసు కలిపారంటే అది ఆ వారం మెనూలో చివరి గడి. ఫ్రిజ్ వచ్చాక ఈ వరస మరిచిపోయాం, ఏదైనా ఎన్నాళ్ళైనా ఆగుతుందన్న ధీమా వచ్చింది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన అంచనా ప్రకారం భారతదేశంలో ఇళ్ళల్లో మనిషికి ఏడాదికి 55 కిలోల ఆహారం వృథా అవుతోంది. అందులో తొక్కలు, గింజలూ కలిసే ఉన్నాయి. అయినా నలుగురున్న ఇంటికి లెక్కేస్తే వారానికి నాలుగు కిలోలు దాటుతుంది.

ఎంత కొనాలన్నది ఇంకో చిక్కు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకు 2000 కిలో కేలరీలు తినే మనిషికి ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు సూచించింది. నలుగురు పెద్దవాళ్ళకు రోజుకు 1.6 కిలోలు, వారానికి 11 కిలోల పైచిలుకు. మామూలుగా తెచ్చే సంచీని ఒకసారి తూకం వేసి చూస్తే చాలామందికి ఆశ్చర్యంగానే ఉంటుంది. అంత సరుకు ఒకేసారి తెచ్చి దాచడం కష్టం. మధ్యలో, బుధవారమో గురువారమో, ఆకుకూరల కోసం ఒక చిన్న బజారు పెట్టుకోక తప్పదు. మెనూ కాగితం మీద ఆ రెండో బజారు కూడా ఉంటేనే వారం సగంలో ఊపిరి ఆడుతుంది.

గడిలో వంటకం పేరు కాకుండా వంట తీరు రాసుకోవడం ఇంకా మేలు. ‘టమాటా పప్పు’ అని రాస్తే టమాటా ఉండాల్సిందే. ‘పుల్లటి పప్పు’ అని రాస్తే ఆ గడి ఏడాది పొడుగునా నిలబడుతుంది. వేసవిలో మామిడికాయ, చింతచిగురు దొరికినప్పుడు చింతచిగురు, మిగతా రోజుల్లో గోంగూర, చుక్కకూర, టమాటా. 2023 జులైలో టమాటా కిలో చాలాచోట్ల 150 రూపాయలు దాటినప్పుడు మొదటి కాగితం పనికిరాకుండా పోయేది, రెండోదానికి చింతపండు ఉంటే చాలు. అలాగే ‘వేపుడు’, ‘పులుసు’, ‘పాలు పోసిన కూర’, ‘పప్పు కూర’. సోమవారం పుల్లటి పప్పు, బుధవారం పులుసు అని ఖాయం చేసుకుంటే, అందులో ఏ కాయ పడాలో సంచీ చెబుతుంది.

రాత్రి గిన్నె

ఇప్పటిదాకా చెప్పినవన్నీ సరిగ్గా చేసినా మెనూని పడగొట్టేది ఒకటుంది. మన వంటల్లో చాలావాటికి ముందురోజు రాత్రే మొదలవ్వాలి. గురువారం పొద్దున పెసరట్టు కావాలంటే బుధవారం రాత్రి పెసలు నానాలి. శుక్రవారం ఇడ్లీ కావాలంటే గురువారం మధ్యాహ్నం మినప్పప్పు నానాలి, సాయంత్రం రుబ్బాలి, రాత్రంతా పిండి పులియాలి. వేసవిలో ఆరేడు గంటల్లో పొంగిపోయే పిండి డిసెంబరులో పన్నెండు గంటలకు కూడా కదలదు, కాబట్టి చలికాలంలో రుబ్బే టైం ఇంకా ముందుకు జరగాలి. పూరీల్లోకి శనగల కూర అంటే శనగలు రాత్రంతా నీళ్ళల్లో ఉండాలి. పెరుగుకు తోడు పెట్టాలి. ఇవేవీ కాగితం మీద ఉండవు. గురువారం గడిలో ‘పెసరట్టు’ అని ఉంటుంది, దాన్ని గురువారం పొద్దున ఆరింటికి చదువుతారు. అప్పటికి తొమ్మిది గంటలు ఆలస్యం.

ఇక మిగిలేది ఉప్మా. నానబెట్టక్కర్లేదు, రుబ్బక్కర్లేదు, పావుగంటలో అయిపోతుంది. ఉప్మా అంటే ఇంతమందికి ఇంత ఏవగింపు ఎందుకో కూడా ఇక్కడే అర్థమవుతుంది. మంచి రవ్వ, జీడిపప్పు, నెయ్యి వేసి తీరిగ్గా చేసిన ఉప్మాకు వంక పెట్టేవాళ్ళు తక్కువే. పాపం దాన్ని ఇంకేదో అనుకున్న రోజునే చేస్తారు. పళ్ళెంలోకి వచ్చేటప్పటికే అది తప్పిపోయిన పెసరట్టు.

అందుకే మెనూ కాగితానికి ఇంకో నిలువు గడి కావాలి: ‘రాత్రికి చేయాల్సింది’. బుధవారం ఎదురుగా ‘పెసలు నానబెట్టాలి’, గురువారం ఎదురుగా ‘మినప్పప్పు మధ్యాహ్నం, రుబ్బడం సాయంత్రం’. వంటకాల పేర్లు చెరిపేసి ఈ ఒక్క గడి ఉంచినా ఇల్లు నడిచిపోతుంది. ఒకసారి రుబ్బిన పిండి కూడా తనంతట తానే మూడు రోజుల మెనూ. మొదటిరోజు ఇడ్లీ, రెండోరోజు దోసె, కాస్త పులిశాక ఉల్లిపాయ ముక్కలు చల్లి ఊతప్పమో, గుంటపొంగనాలో. కందిపప్పు రెండు పూటలకు సరిపడా ఒకేసారి ఉడికించి, ఒక సగం పప్పులోకి, ఒక సగం సాంబారులోకి తీయడం అమ్మమ్మల కాలం నుంచీ ఉన్నదే.

వారానికంతటికీ ఆదివారమే వండి డబ్బాల్లో పెట్టేసే పద్ధతి మాత్రం తెలుగు భోజనానికి అంతగా అతకదు. దానికి మొదటి అడ్డు అన్నమే. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి పెరిగి విషం వదులుతాయి, ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. మిగిలిన అన్నం త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి ఒకట్రెండు రోజుల్లో తినేయాలి, వారం పొడుగునా దాచడం కుదరదు. కొబ్బరి పడిన కూరలు, చట్నీలు త్వరగా పాడవుతాయి. మే నెల ఎండల్లో పొద్దున్న చేసిన పప్పు బయట ఉంటే సాయంత్రానికి వాసన వస్తుంది. నిలవ ఉండేవి పులుపు బాగా పడినవి: గోంగూర పచ్చడి, పులిహోర పులుసు, మర్నాటికి ఇంకా రుచొచ్చే చేపల పులుసు. ఉల్లిపాయలు వేయించిన మసాలా ముద్ద, అల్లం వెల్లుల్లి, చారుపొడి, వేయించిన పల్లీల పొడి లాంటివి ఆదివారం చేసి పెట్టుకుంటే వారమంతా చేతికి అందుతాయి. వంట ముందే చేయడం కంటే వంటకు సగం దారి వేసి పెట్టుకోవడం మన తిండికి సరిపోతుంది.

అమెరికాలో ఉండే తెలుగువాళ్ళు ఈ మెనూ పద్ధతిని ఇక్కడివాళ్ళ కంటే బాగా పాటించడం చూస్తుంటాం. వాళ్ళకు క్రమశిక్షణ ఎక్కువని కాదు, చాలామందికి ఇండియన్ స్టోర్ దూరం. శనివారం కారులో వెళ్ళి సోనామసూరి బస్తా, ఫ్రీజర్లో పెట్టే మునగకాయ ముక్కలు, దొరికితే గోంగూర తెచ్చుకున్నాక మళ్ళీ శనివారం దాకా ఉన్నదాంతోనే సరిపెట్టుకోవాలి. పాతకాలపు సంతే అక్కడ కారెక్కి మళ్ళీ వచ్చిందన్నమాట. ఇక్కడ వీధి చివర తోపుడుబండి, పది నిమిషాల్లో సరుకు తెచ్చే యాప్ ఉన్నప్పుడు కాగితం మీద రాసిన క్యాబేజీకి కట్టుబడడం కష్టమే.

‘ఏదో ఒకటి’

‘రేపు ఏం వండను?’ అన్న ప్రశ్నకు తెలుగు ఇళ్ళల్లో వచ్చే జవాబు చాలావరకు ‘ఏదో ఒకటి’. కాస్త మర్యాదస్థులైతే ‘నీ ఇష్టం’ అంటారు. పళ్ళెం ముందు కూర్చున్నాక అదే నోరు ‘దొండకాయా?’ అంటుంది. వంట చేయడం ఒక పని, ఏం వండాలో ఆలోచించడం ఇంకో పని; రెండోదాన్ని ఎవరూ పనిగా లెక్కేయరు. 2019లో కేంద్ర గణాంక శాఖ చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నట్టు తేలింది. అసలు ఆ పనిలో చేయి పెట్టే మగవాళ్ళే నూటికి 26 మంది, ఆడవాళ్ళు 81 మంది. కూర గురించి బస్సులో కూర్చుని చేసే ఆలోచన ఈ నిమిషాల్లోకి రాదు.

ఈ పరిస్థితిలో మెనూ రాసింది ఒక్కరే అయితే, దాన్ని నడపాల్సిందీ ఆ ఒక్కరే. ఆమెకు జ్వరం వచ్చిన రోజు, ఆఫీసులో ఆలస్యమైన రోజు కాగితం ఉన్నా లేకపోయినా ఒకటే. మెనూ నిలబడిన ఇళ్ళను గమనిస్తే, ఆదివారం సంచీ గుమ్మరించినప్పుడే మిగతావాళ్ళూ అక్కడ ఉంటారు. పిల్లలు ఒక రోజు ఎంచుకుంటారు, ఆ రోజు వాళ్ళు అడిగింది తప్ప వేరేది ఉండదు. ‘ఏదో ఒకటి’ అన్నవాళ్ళకు ఆ వారం వంక పెట్టే హక్కు పోతుంది. ఇది కొంచెం కటువైన నియమమే, కానీ బాగా పనిచేస్తుంది.

ఒక గడి ఖాళీగా వదలడం కూడా తెలిసినవాళ్ళ పనే. పక్కింట్లో వ్రతమైతే పులిహోర గిన్నె వస్తుంది. చుట్టాలు చెప్పకుండా దిగుతారు. రాత్రి పెళ్ళి విందు ఉందని సాయంత్రం గుర్తొస్తుంది. ఏడు రాత్రులూ నింపేసిన మెనూకి ఇలాంటిది ఒక్కటి తగిలితే మిగిలినవన్నీ ఒక రోజు వెనక్కి జరిగి కూరలు కుళ్ళడం మొదలవుతుంది. గురువారం రాత్రి ఖాళీగా ఉంచుకుంటే ఫ్రిజ్‌లో మిగిలినవన్నీ ఆ పూట బయటికొస్తాయి: రెండు గరిటెల సాంబారు, కాస్త వంకాయ కూర, అడుగున పెరుగు. పక్కన రెండు వడియాలు వేయిస్తే ఎవరికీ అవి నిన్నటివని గుర్తు రాదు.

ఇక ఆ ‘రాత్రికి చేయాల్సింది’ గడిలో ఇంకో సుఖం ఉంది. పెసరట్టు పోయడానికి చేయి తిరగాలి గానీ, ‘పెసలు నానబెట్టాలి’ అన్న మాట చదివి ఆ పని చేయడానికి ఇంట్లో ఎవరైనా సరిపోతారు. పదేళ్ళ పిల్లవాడు చాలు. ఏ డబ్బాలో ఉన్నాయని అడుగుతాడు, ఎన్ని గ్లాసులని ఇంకోసారి అడుగుతాడు, కడిగేటప్పుడు సింకులో గుప్పెడు పెసలు, గట్టు మీద కాసిని నీళ్ళు ఒలకబోస్తాడు. పొద్దున్న లేచి మూత తీసి చూసేది కూడా వాడే.